అంచు కోసిన దరఖాస్తు

షాపు వెనక గది,
సోమవారం ఉదయం

తమ్ముడికి,

జిగురు కాచి దించాను. అది చల్లారేలోపు ఈ నాలుగు ముక్కలు.

లైబ్రరీ నుంచి కాగితం వచ్చింది. పాత పుస్తకాల బైండింగు పని ఈ ఏడూ మనకే ఇస్తారు. అయితే ఇకమీదట డబ్బు షాపు పేరుతో ఉన్న కరెంట్ అకౌంటుకే వేస్తారట. మనిషి సొంత అకౌంటుకి వెయ్యరు. గోడ మీద నువ్వు అంటించి వెళ్ళిన స్కానర్ కాగితం నీ సొంత అకౌంటుది. అది చెల్లదు. వానలు మొదలయ్యేలోపు అకౌంటు నంబరు వాళ్ళకి చేరాలి. చేరకపోతే పని వేరేవాళ్ళకి పోతుంది. ఆ పని పోతే మనకి మిగిలేవి కాలేజీ పిల్లల ప్రాజెక్టు పుస్తకాలు. వాటితో షాపు నడవదు. తలుపు మూసుకోవడమే.

వీధి మలుపులో చెప్పుల దుకాణం ఉండేది, గుర్తుందా? అక్కడ ఇప్పుడు ఒక ప్రైవేటు బ్యాంకు పెట్టారు. అకౌంటు అందులో తెరుద్దామనుకుంటున్నాను. యాప్ వద్దు. చెక్కు పుస్తకం, కౌంటరు, సంతకం, అంతే.

నాన్న పోయాక షాపు మన ముగ్గురి పేర్ల మీద ఉంది. కాబట్టి ముగ్గురూ సంతకం పెట్టాలి. నేను, నువ్వు, మీ చిన్నక్క.

నీ ఉద్దేశం రాయి. ఫోను చెయ్యకు. డబ్బు మాటలు ఫోనులో వద్దని ఎప్పుడో అనుకున్నాం. ఫోనులో అయితే నువ్వు అరుస్తావు. కాగితం మీద అరవడం కుదరదు.

ఉదయం ప్రార్థనలో నిన్ను తలుచుకోని రోజు లేదు.

అక్క


ఆస్పత్రి కొత్త భవనం,
డాబా మీద లిఫ్టు మోటారు గది

పెద్దక్కకి,

కాగితం మీద అరవడం కుదరదని ఎవరన్నారు? అక్షరాలు పెద్దవి చేస్తే అరిచినట్టే. ఈ ఉత్తరంలో యాప్ అనే మాట ఎక్కడొచ్చినా ఎంత పెద్దగా రాశానో చూసుకో.

నీ ఉత్తరం కంపెనీ అడ్రసుకి వచ్చింది. గేటు దగ్గర గార్డు "సార్, మీకెవరో చేత్తో రాశారు" అంటూ కోర్టు నోటీసు ఇచ్చినట్టు ఇచ్చాడు. మా మెకానిక్కులంతా చుట్టూ చేరి, ఈ వయసులో సూపర్వైజరుగారికి ఉత్తరాలు రాసేదెవరని ఒకటే గుసగుసలు. మా అక్కరా అంటే ఒక్కడూ నమ్మలేదు.

సరే, అసలు సంగతి. దీనికి నువ్వు బ్యాంకు దాకా వెళ్ళడమెందుకు? పది నిమిషాల పని. షాపు పేరు కొడతాను, కాగితాలు ఫొటో తీసి ఎక్కిస్తాను. వీడియోలో నువ్వు తల ఓసారి అటు, ఓసారి ఇటు తిప్పి రెప్ప వెయ్యాలి. ఆ తర్వాత ఎవరు వేశారు, మనం ఎవరికిచ్చాం, అంతా నేనే చూసుకుంటాను. లిఫ్టు నెత్తి మీద కూర్చుని కూడా చూడగలను. ఇన్నేళ్ళూ చూడలేదా? నీకు ఏం లోటు చేశాను?

యాప్ లేకుండా కరెంట్ అకౌంటంటే, ఇంటికి లిఫ్టు పెట్టించుకుని మెట్లెక్కి వెళ్ళడం. నా పొట్ట కొట్టే మాట అది.

ఇంకోటి. ఆవిడ సంతకం తప్పదా? మూడేళ్ళ కింద ఒక్క మాట అడిగినందుకు షాపు వదిలి వెళ్ళిపోయిన మనిషి. అప్పట్నుంచి నా ఫోను ఎత్తదు. ఇప్పుడు సంతకానికి మాత్రం వస్తుందా? తప్పదంటే ఆవిడది ఆవిడ పెట్టుకుంటుంది, నాది నేను పెడతాను. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టే పని మాత్రం పెట్టుకోకు. నాకు అలవాటైపోయింది.

యాప్ ఎందుకు వద్దో ఒక్క ముక్కలో చెప్పు.

నీ మాట కాదనలేని
తమ్ముడు

(కాదనలేను గానీ కాదంటున్నాను.)


షాపు వెనక గది

తమ్ముడికి,

ఎందుకు వద్దో ఒక్క ముక్కలో చెప్పమన్నావు. వద్దు.

బ్యాంకుకి వెళ్ళొచ్చాను. కళ్ళజోడు తల మీదకి తోసుకుని మాట్లాడే ఒక ఆఫీసరమ్మ ఉంది. మంచి మనిషి. నన్ను చూడగానే "యాప్‌లో అయితే మీకు ఇంత దూరం నడిచే పని ఉండదు కదండీ" అంది.

"మా షాపు నాలుగు గుమ్మాల అవతలే" అన్నాను.

"ఫోను లేదా మీకు?"

తీసి చూపించాను. బొత్తాల ఫోను. పక్క కౌంటరు అబ్బాయి మెడ చాపి చూసి, "మా మామ్మ దగ్గర ఇలాంటిదే ఉండేది మేడమ్" అన్నాడు.

"ఎవరైనా చేస్తే ఎత్తేదా?" అని అడిగాను.

"ఎత్తేది."

"ఇది కూడా అంతకంటే ఏం చెయ్యదు" అన్నాను. ఆఫీసరమ్మ నవ్వింది. ఆ తర్వాత యాప్ మాట ఎత్తలేదు.

నేను అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పింది. యాప్ లేకుండా అవుతుంది, కాకపోతే ఈమధ్య అడిగేవాళ్ళు లేరట. చెక్కు పుస్తకం ఇస్తారు. డబ్బు పడితే బొత్తాల ఫోనుకి మెసేజి వస్తుంది. నెలకోసారి లెక్క కాగితం పోస్టులో షాపుకి వస్తుంది. మనకొచ్చిన చెక్కు జమ చెయ్యాలంటే కౌంటరులో స్లిప్పు రాసివ్వాలి. కరెంట్ అకౌంటు కాబట్టి వడ్డీ రాదు, కొంత సొమ్ము ఎప్పుడూ అందులో ఉంచాలి. లేకపోతే కోస్తారు. అది ఒప్పుకున్నాను.

దరఖాస్తు ఎనిమిది పేజీలు. ప్రతి పేజీ అంచున నల్ల చారలున్నాయి. వాటిని మడవొద్దు, తడపొద్దు, మిషను వాటినే చదువుతుందని చెప్పింది. ఒకవేళ దరఖాస్తు పాడైతే ఏం చేస్తారని అడిగాను. అది రద్దు చేసి కొత్తది ఇస్తారట. అప్పుడు మాత్రం ముగ్గురూ కలిసి కౌంటరు ముందుకొచ్చి, ఆవిడ ఎదురుగా సంతకాలు పెట్టాలట. "అంతదాకా తెచ్చుకోకండి, జాగ్రత్తగా రాయండి" అంది.

ఆ బ్యాంకు శాఖ మీ ఊళ్ళోనూ ఉంది. దరఖాస్తు పంపుతున్నాను. అక్కడికి వెళ్ళి వాళ్ళ ముందు సంతకం పెట్టి, ముద్ర వేయించి పంపు. మీ చిన్నక్క ఇక్కడ పెడుతుంది. ఎవరికి వారే. నువ్వు కోరినట్టే.

అక్క


లిఫ్టు మోటారు గది

పెద్దక్కకి,

పెట్టాను. నా పరువు పోయింది, అది వేరే సంగతి. బ్యాంకులో అడుగు పెట్టి ఎన్నేళ్ళయిందో. గుమ్మంలో టోకెను తీసుకోవాలని తెలీక నేరుగా కౌంటరుకి వెళ్తే, ఒక పెద్దాయన "బాబూ, మేమంతా గోడకి కొట్టిన మేకులమా?" అన్నాడు. కూర్చున్నాను. గంట కూర్చున్నాను. ఆ గంటలో ఇక్కడ రెండు లిఫ్టులు ఆగాయట. ముద్ర వేసినవాడు కూడా "యాప్‌లో అయితే..." అన్నాడు. "మా అక్కకి చెప్పండి" అన్నాను.

సంతకం పెట్టాను కాబట్టి నావి రెండే కోరికలు. ఒకటి, అకౌంటుకి నా ఫోను నంబరు ఇవ్వు. నీ బొత్తాల ఫోనుకి మెసేజి వస్తే నువ్వు చూసేసరికి పుస్తకం బైండయి బయటికెళ్తుంది. రెండు, నెలవారీ లెక్క కాగితం నాకు కూడా ఒకటి పంపించమను. తప్పు పట్టడానికి కాదు. ఎవరో ఒకరు చూడాలి కదా. చూసేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో ఆవిడ ఉన్నప్పుడు చూశాం.

ఆవిడ సంతకం పెట్టిందా? ఏమైనా అందా?

తమ్ముడు


షాపు వెనక గది

తమ్ముడికి,

దరఖాస్తు అందింది. ముద్ర స్పష్టంగా పడింది.

ఫోను నంబరు నాదే ఇచ్చాను. లెక్క కాగితం షాపుకే వస్తుంది. నువ్వు ఎప్పుడొచ్చినా చదువుకోవచ్చు. సొరుగుకి తాళం ఉండదు.

మీ చిన్నక్క బ్యాంకుకి వెళ్ళి తన సంతకం పెట్టి వచ్చింది. ఏమైనా అందా అని అడిగావు. నీ సంతకం చూసి "ఇంకా అలాగే తోక పెద్దది పెడుతున్నాడు" అంది. అంతే అంది.

నీకు తెలియని సంగతి ఒకటి. మీ చిన్నక్క షాపు వదిలింది గానీ పని వదల్లేదు. మడతలు పెట్టిన కాగితాలు సంచిలో వేసి నేను ఇస్తాను. తను ఇంట్లో కుట్టి ఉంచుతుంది. మూడేళ్ళుగా లైబ్రరీకి వెళ్ళిన ప్రతి పుస్తకం కుట్టు తనదే. కిటికీ పక్కన ఒక బల్ల, దీపం, దారపు ఉండ. పక్కింటివాళ్ళ గోడకి సున్నం వేస్తే ఆ వెలుతురు తన బల్ల మీద పడుతుందని, వాళ్ళని బతిమాలి తన ఖర్చుతో వేయించుకుంది. అంతగా వెలుతురు కావాలి తనకి.

కాగితాలన్నీ ఇవాళ ఒకచోట చేరుస్తున్నాను. దరఖాస్తు, షాపు పత్రం, పన్ను కాగితం, ఫొటోలు. రేపు బ్యాంకుకి ఇస్తాను.

అక్క


షాపు వెనక గది

తమ్ముడికి,

దరఖాస్తు తీసుకోలేదు.

కాగితాలు విడివిడిగా ఇవ్వడం బాగుండదని కుట్టాను. కుట్టిన వైపు వీపుకి గుడ్డ వేశాను. అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే కటింగ్ మిషను మీద పెట్టి మూడు పక్కలా కోశాను. చూడటానికి చిన్న పుస్తకంలా వచ్చింది. ఆఫీసరమ్మ చేతిలోకి తీసుకుని "ఎంత బాగుందండీ!" అంది. తర్వాత తెరిచి, వేలితో అంచు తడిమి చూసింది. నల్ల చారలు అంచుతో పాటు పోయాయి.

పక్క కౌంటరు అబ్బాయి అయితే "సార్, ఇది చూడండి, దరఖాస్తుని బైండు చేసి తెచ్చారు" అని మేనేజరుని పిలిచాడు. ఆయనొచ్చి తిప్పి తిప్పి చూసి, తన దగ్గర పాత డిక్షనరీ ఒకటి ఊడిపోయి ఉంది, బాగుచేస్తారా అని అడిగాడు. చేస్తానన్నాను.

దరఖాస్తు రద్దు చేశారు. కొత్తది ఇచ్చారు. ముగ్గురూ రావాలి.

లైబ్రరీ గడువు ఈ నెలాఖరు శుక్రవారం. బుధవారం ఉదయం బ్యాంకు దగ్గరికి రా.

అక్క


లిఫ్టు మోటారు గది

పెద్దక్కా!

నాకు రక్తపోటు ఉందని నీకు తెలుసు.

ఎవరైనా బ్యాంకు దరఖాస్తుని కుడతారా? కుట్టావు పో, గుడ్డ వేస్తారా? వేశావు పో, కోస్తారా? ఆఫీసరమ్మ చారలు ముట్టుకోవద్దందని నాకు రాసింది నువ్వే! నీ ఉత్తరం నా ముందుంది. "మిషను వాటినే చదువుతుంది." నీ చేతి రాత. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

నా గంట పోయింది, ముద్ర పోయింది, మేకుల పెద్దాయన చేత మాట పడింది పోయింది. యాప్‌లో అయితే ఎలా కోస్తావు? ఫోనుని కటింగ్ మిషనులో పెడతావా? నువ్వు పెట్టినా పెడతావు.

నేను రాను. ఆ వారం ఆస్పత్రి లిఫ్టుల తనిఖీ ఉంది. అది సాకు అని నువ్వంటావు. సాకే. వచ్చి ఆవిడ పక్కన నిలబడి ఏం మాట్లాడాలి? నమస్కారమండీ, బాగున్నారా అనాలా? మూడేళ్ళు. నా కూతురు పదో తరగతి పాసయిందని చెప్పడానికి చేశాను, ఎత్తలేదు. నాకు ఆపరేషనయినప్పుడు చేశాను, ఎత్తలేదు. ఒక్క మాట, అక్కా. షాపు డబ్బుతో కొన్నది ఏమిటని అడిగాను. అడగకూడదా? పరాయివాణ్ణా?

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నువ్వు నాన్న దగ్గర పని నేర్చుకున్న దానివి. పెన్సిలు గీత గీసుకోకుండా ఆ మిషను మీద ఒక్క కాగితం కొయ్యడం నేను పుట్టాక చూడలేదు. గీత గీసేటప్పుడు చారలు కనపడలేదా? లేకపోతే గీత గీయలేదా?

తమ్ముడు


షాపు వెనక గది

తమ్ముడికి,

అంచు వంకరగా ఉంది. కోశాను.

మిగతాది ఇది. నిదానంగా చదువు.

మూడేళ్ళ కింద, నువ్వు ఫోను చేసిన ఆరోజు చిన్నక్క ముందు బల్ల దగ్గర ఉంది. నేను వెనక మిషను దగ్గర. లైబ్రరీ ఆయన పుస్తకాలు లెక్క చూసుకుంటున్నాడు. కాలేజీ పిల్లలు నలుగురు ప్రాజెక్టు పుస్తకాల కోసం నిలబడి ఉన్నారు. చిన్నక్క రెండు చేతులూ జిగురులో ఉన్నాయి. ఫోను మోగింది. నీ పేరు కనపడింది. సంతోషంగా "తమ్ముడే" అంది. చేతులు జిగురు కాబట్టి మోచేత్తో స్పీకరు నొక్కింది.

నువ్వు మోటారు గదిలో ఉన్నావు. అక్కడ చప్పుడుకి నువ్వు ఎప్పుడూ అరిచే మాట్లాడతావు. సొరుగులో ఉండే నీ అకౌంటు కార్డుతో చిన్నక్క కళ్ళజోడు కొన్న మెసేజి అప్పుడే నీకు వచ్చింది. "కళ్ళజోడు ఎవర్నడిగి కొన్నావు? షాపు డబ్బంటే నీ సోకులకనుకున్నావా? చెల్లించే మొగుడు లేకపోతే నా నెత్తినా?" అన్నావు. ఇంకా అన్నావు. షాపంతా వినపడింది.

లైబ్రరీ ఆయన తన చెప్పులకేసి చూసుకుంటూ నిలబడ్డాడు. ఒక పిల్ల నవ్వింది. నవ్వాలని కాదు, ఏం చెయ్యాలో తెలీక.

చిన్నక్క చేతులు కడుక్కుంది. ఏప్రాన్ విప్పి మడత పెట్టి బల్ల మీద పెట్టింది. వెళ్ళిపోయింది.

కుట్టేటప్పుడు సూది రంధ్రాలు తప్పుతున్నాయని, ఆ కార్డుతోనే కళ్ళజోడు కొనమన్నది నేను. షాపు పనికే అది. ఆ మాట అప్పుడే నీకు చెప్తానంటే చిన్నక్క చెప్పనివ్వలేదు. "వాడు కళ్ళజోడు సంగతి తెలుసుకుని క్షమాపణ చెప్తే నాకు ఏం ఒరుగుతుంది? నేను కళ్ళజోడు కాకుండా ఇంకేదైనా కొన్నా అలా అనకూడదు" అంది. నిన్న మళ్ళీ అడిగాను. "నీ ఇష్టం" అంది. అందుకని రాస్తున్నాను.

యాప్ ఎందుకు వద్దో అడిగావు. ప్రతి రూపాయీ కదిలినప్పుడల్లా నీ జేబులో గంట మోగుతుంది. గంట మోగగానే నువ్వు మాట్లాడతావు. చెక్కు అలా కాదు. మనుషులు కూర్చుని రాయాలి. రాసేటప్పుడు అడగాల్సింది ఎదురుగా అడగొచ్చు, నెమ్మదిగా.

నాకు నీ మీద కోపం లేదు. అది నువ్వు నమ్మాలి. బుధవారం నువ్వు రాకపోతే శుక్రవారం లైబ్రరీకి వెళ్ళి, మా వల్ల కాదని చెప్పి వస్తాను. షాపు మూస్తాను. నాన్న మిషను ఎవరికైనా పనికొస్తుంది. అదీ కోపంతో కాదు.

బ్యాంకు పదింటికి తెరుస్తారు. టోకెను తీసుకోవాలి. నీకిప్పుడు తెలుసు కదా.

అక్క


లిఫ్టు మోటారు గది

పెద్దక్కకి,

వస్తున్నాను.

చిన్నక్కకి కళ్ళజోడు ఇప్పటికీ అదేనా?

తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల మీద
(మోటారు గదిలో కూర్చుంటే అరిచినట్టు రాస్తానని)

పెద్దక్కకి,

క్షేమంగా చేరాను. బస్సులో ఒక్క కునుకు పట్టలేదు.

బుధవారం బ్యాంకులో నువ్వు మధ్యలో "ప్రార్థన వేళయింది, ఇప్పుడే వస్తా" అని లేచి వెళ్ళిపోయావు చూడు, అప్పుడు జరిగింది నీకు చెప్పలేదు. నువ్వు అడగనూ లేదు. అడగవు. కాబట్టి రాస్తున్నాను.

ఆ బెంచీ మీద మా ఇద్దరి మధ్య నీ సంచి ఉంది. చాలాసేపు ఆ సంచికేసే చూశాం. టోకెన్ల బోర్డు మీద నంబర్లు కదలడం లేదు. చివరికి చిన్నక్కే అంది, "లావయ్యావు."

"నువ్వు మాత్రం?"

"నాది కుట్టుపని. కూర్చునే చెయ్యాలి. నీకేం వచ్చింది? ఓహో, లిఫ్టులో తిరుగుతావు కదా, నువ్వూ కదలవు."

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదనుకున్నాను, వచ్చింది. తను నవ్వలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అదే కళ్ళజోడు. చెవి వైపు స్క్రూ పడిపోయి, అక్కడ మన బైండింగు దారం కట్టి ఉంది. నాలుగు చుట్లు, ముడి కనపడకుండా. నీ ముడి అది, నాకు తెలుసు.

"ఇటివ్వు" అన్నాను. ఇవ్వలేదు. చెయ్యి చాపే ఉంచాను. కాసేపటికి ఇచ్చింది. నా జేబులో ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవరు ఉంటుంది, లిఫ్టు బటన్ల పలకకి వాడే స్క్రూలు ఉంటాయి. ఒకటి సరిగ్గా పట్టింది. బిగించి ఇచ్చాను. పెట్టుకుని నాకేసి చూసింది. "ఇప్పుడిది పైకెళ్తుందా, కిందకెళ్తుందా?" అంది.

అప్పుడు చెప్పాను. "చిన్నక్కా, ఫోను స్పీకర్‌లో ఉందని నాకు తెలీదు."

తను దారం ముక్క వేలికి చుట్టుకుంటూ ఉంది. "స్పీకర్‌లో లేకపోయినా నేను వినేదాన్ని కదరా" అంది.

అక్కా, బస్సులో వస్తూ నేను మూడు రకాలుగా చెప్పుకున్నాను, ఏమనాలో. అన్నీ స్పీకరు గురించే. ఆ మాటతో ఒక్కటీ పనికిరాకుండా పోయింది. మా నంబరు పిలిచారు. తను లేచి, "పద, తోక పెద్దది పెట్టి సంతకం చెయ్యి" అంది. అప్పుడే నువ్వు తలుపు తోసుకుని వచ్చావు. ఆ బ్యాంకు అద్దంలోంచి లోపల బెంచీ బాగా కనపడుతుందని నాకు తర్వాత తట్టింది. ప్రార్థన ఎక్కడ చేసుకున్నావు?

ఇక నీ సంతకం కార్డు సంగతి ఇంట్లో చెప్తే నా కూతురు పడీ పడీ నవ్వింది. చిన్నప్పుడు మా ప్రోగ్రెస్ కార్డుల మీద పెట్టినట్టు "అక్క" అని పెట్టి ఇచ్చావు! ఆఫీసరమ్మ "ఇక్కడ మీరు భాగస్వామి అండీ, అక్క కాదు" అంటే, "అదీ ఇదీ ఒకటే కాదా?" అని నువ్వు. రెండో కార్డు మీద కూడా అదే పెట్టావు. మూడో కార్డుకి చిన్నక్క నీ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

చెక్కుల మీద ఎవరు సంతకం పెడతారని ఆవిడ అడిగినప్పుడు "ఎవరో ఒకరు చాలు" అందామని నోరు తెరిచాను. నువ్వు "ముగ్గురిలో ఏ ఇద్దరైనా కలిసి" అన్నావు. చిన్నక్క నాకేసి చూసింది. ఊరుకున్నాను. బాగానే ఉంది.

లైబ్రరీ వాళ్ళేమన్నారో రాయి. ఫోను చెయ్యను.

ఒక్కటి మాత్రం మళ్ళీ అడుగుతాను. నువ్వు అబద్ధం చెప్పవు, అందుకే జవాబు తప్పించుకున్నావు. గీత గీశావా లేదా?

తమ్ముడు


షాపు ముందు బల్ల

తమ్ముడికి,

అకౌంటు నంబరు గురువారం చేతికొచ్చింది. శుక్రవారం లైబ్రరీకి ఇచ్చాను. సోమవారం పుస్తకాలు బస్తాల్లో దింపి వెళ్ళారు. నడవాలో దారి లేదు. వాటి మధ్య నుంచి పక్కకి తిరిగి నడుస్తున్నాం.

నడుస్తున్నాం అంటే, నేనూ మీ చిన్నక్కా. మంగళవారం పొద్దున వచ్చింది. మేకుకి ఉన్న ఏప్రాన్ తీసి వాసన చూసింది. "ఉతికావా?" అంది. "నెలకోసారి" అన్నాను. కట్టుకుంది.

గోడ మీద స్కానర్ కాగితం ఊడదీసింది. చింపుతుందనుకున్నాను. తడిగుడ్డ అద్ది, నానేదాకా ఆగి, పాత పుస్తకం అట్ట తీసినట్టు చిరగకుండా తీసింది. ఆరబెట్టి నీకు పంపమంది. ఇందులో పెట్టాను.

మేనేజరుగారి డిక్షనరీ అయింది. దానికి ఆయనిచ్చిన చెక్కుకే మన మొదటి జమ స్లిప్పు రాశాను. రెండుసార్లు తప్పు రాశాను. ఆఫీసరమ్మ ఓర్చుకుంది.

మొదటి చెక్కు గుడ్డ వ్యాపారికి. చిన్నక్క రాసింది, చిన్నక్క సంతకం పెట్టింది. రెండో సంతకం నేను పెట్టొచ్చు. పెట్టలేదు. వ్యాపారిని అడిగితే శనివారం దాకా ఆగుతానన్నాడు. శనివారం నీకు సెలవు. చెక్కు సొరుగులో ఉంది. పిల్లని కూడా తీసుకురా, వాళ్ళ చిన్నత్త చూడాలంటోంది.

వచ్చేటప్పుడు ఆ లిఫ్టు స్క్రూలు ఇంకో రెండు తీసుకురమ్మంది. రెండో చెవి వైపుది కూడా వదులైందట. నేను చూశాను. వదులుగా లేదు.

ప్రార్థన బ్యాంకు మెట్ల మీదే చేసుకున్నాను. కళ్ళు మూసుకోలేదు.

రెండుసార్లు అడిగావు కాబట్టి చెప్తున్నాను. గీత గీసే కోశాను.

అక్క